మామయ్య పాత లారీ అమ్మరు, మా ఆయన కొత్త బండి మానరు... నేనేం చేయాలి?

కామారెడ్డి జిల్లా నుంచి ఒక పాఠకురాలు పేరు వేయొద్దంటూ పెద్ద ఉత్తరమే రాశారు. వయసు 31. అత్తింటివాళ్లది పెళ్లి బరాత్‌లకు గుర్రాలు తీసుకెళ్లే పని. ఇంట్లో మూడు గుర్రాలున్నాయి. వాటిని ఊరూరా తిప్పడానికి మామగారు 2004లో కొన్న టాటా 407 ఉంది. ఇరవై ఏళ్లు దాటినా దారి మధ్యలో ఎన్నడూ మొండికేయలేదట. మామగారు పొద్దున లేచి దాని చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, టైర్లు తట్టి చూశాకే టీ తాగుతారని రాశారు.

గొడవ మొన్న వైశాఖంలో మొదలైంది. ఒకే రాత్రి రెండు బరాత్‌లు ఒప్పుకున్నారు. మొదటిది ఆలస్యమైంది. రెండో ఊరికి పోతూ ఆమె భర్త స్టీరింగ్ ఒక చేత్తో, ఫోన్ ఇంకో చేత్తో పట్టుకుని పెళ్లివారికి సర్దిచెబుతున్నారు. స్పీడ్ బ్రేకర్ దగ్గరికొచ్చాక చూసి గట్టిగా బ్రేక్ కొట్టారు. వెనక నిలబడ్డ ఆడగుర్రం కాళ్లు జారి పడిపోయింది. ముందుకాలు మోకాలి కింద చర్మం చీలి కుట్లు పడ్డాయి. పుట్టింటి దగ్గర దిగాలని బయల్దేరిన ఈమె కూడా ఆ రాత్రి కేబిన్‌లోనే ఉన్నారు.

అప్పటినుంచి భర్తది ఒకటే మాట: "ఆ డబ్బా బండికి బ్రేకులు పట్టవు, తీసేద్దాం." మామగారిది ఇంకో మాట: "బండికేం రోగం? నడిపేవాడి చెయ్యి బాగుండాలి." ఫోన్ సంగతి మామగారికి తెలియదు, ఈమె చెప్పలేదు. భర్త ఇప్పుడు 14 అడుగుల బాడీ ఉన్న కొత్త బండి చూసుకొచ్చారు. ముందు కట్టే డబ్బుకు ఈమె ఆరు తులాల బంగారం కుదువ పెట్టాలంటున్నారు. నెలకు 28 వేలు ఈఎంఐ. పెళ్లిళ్లు లేని రోజుల్లో మక్కలు, కూరగాయలు వేసుకుని తిప్పి కిస్తీలు కడతానంటున్నారు. తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. ఇద్దరి మాటలూ ఈమె చేతనే అటూ ఇటూ మోయిస్తున్నారు. "నేనెవరి వైపు మాట్లాడాలి? నగలు ఇవ్వాలా వద్దా? ఇంకో సంగతి, ఆ గుర్రం ఇప్పుడు లారీ ఎక్కనంటోంది" అని ముగించారు.

అమ్మా,

మీ ఆయన బ్రేకులు పట్టలేదంటున్నారు. కానీ మీరు రాసినదాన్ని బట్టి చూస్తే బ్రేకులు బాగానే పట్టాయి. పట్టబట్టే గుర్రం పడింది. ఈ ఒక్క విషయం ముందు మీ మనసులో తేల్చుకోండి, మిగతావన్నీ దానివెనకే వస్తాయి.

లారీలో నిలబడ్డ గుర్రం సంగతి కేబిన్‌లో కూర్చున్నవాళ్లకు సులభంగా అర్థం కాదు. మూడున్నర, నాలుగు క్వింటాళ్ల జంతువు అది. పట్టుకోవడానికి దానికేమీ ఉండదు. బండి కదిలినంతసేపూ కాళ్లు ఎడంగా పెట్టి, మెడ కిందికీ పైకీ కదుపుతూ తన బరువును తనే ఆపుకుంటుంది. మలుపు రాబోతోందని గానీ, బ్రేక్ పడబోతోందని గానీ దానికి ముందుగా తెలియదు. మెల్లగా వేస్తే సర్దుకుంటుంది, ఠక్కున వేస్తే పడిపోతుంది. కొత్త బండి అయినా అంతే. నిజానికి కొత్తవాటికి బ్రేకులు ఇంకా గట్టిగా పడతాయి.

మన చట్టంలోనూ దీనికి లెక్క ఉంది. పశువుల రవాణాకు 1978లో చేసిన నిబంధనల్లో గుర్రాలకు విడిగా ఒక అధ్యాయమే ఉంది. గుర్రాల బండి గంటకు 35 కిలోమీటర్లు మించకూడదని అందులో రాసి ఉంది. చదివి నవ్వేవాళ్లే ఎక్కువ. హైవే మీద ఆ వేగంతో పోతే వెనకవాళ్లు హారన్లతో చెవులు చిల్లులు చేస్తారు, నిజమే. కానీ ఆ అంకె ఎందుకు పెట్టారో మీ గుర్రం మోకాలు చూస్తే తెలిసిపోతుంది. రెండు బరాత్‌లు ఒక రాత్రికి ఒప్పుకున్నప్పుడే ఆ వేగం చేజారిపోయింది. బండి వయసుకూ దానికీ సంబంధం లేదు.

అలాగని మామగారి మాటే పూర్తిగా నిజమనుకోకండి. ఆయన బండిలోనూ తప్పుంది, అది ఇంజన్‌లో లేదు. మీ 407 బాడీ 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు అని రాశారు. అంటే 60 చదరపు అడుగులు. మోటారు వాహనాల నిబంధనల్లో 2016 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన మార్పు ప్రకారం, పశువుల్ని తీసుకెళ్లే బండిలో కదలని అడ్డుకట్టలతో ఒక్కోదానికి విడిగా చోటుండాలి. గుర్రానికైతే 2.25 చదరపు మీటర్లకు తగ్గకూడదు. మన లెక్కలో 24 చదరపు అడుగుల పైచిలుకు. రెండు గుర్రాలకు 48, మూడింటికి 72. మీ బండిలో రెండే పడతాయి. మామగారు ఇన్నేళ్లుగా మూడు ఎక్కిస్తున్నారు. పడ్డది ఆ మూడోదే అయ్యుంటుందని నా అనుమానం. ఇరుకులో కాళ్లు ఎడంగా పెట్టుకోవడానికి దానికి చోటెక్కడిది?

ఇరుగ్గా నిలబెడితే ఒకదానికొకటి ఆనుకుని పడకుండా ఉంటాయని పాతవాళ్లు చాలామంది అంటారు. మామగారూ అదే అనవచ్చు. ఒకటి జారితే పక్కవి దాన్ని తొక్కుతాయన్నది ఆ మాటలో ఉండదు.

ఇంకోటి, బాడీ అడుగున గళ్ల ఇనుప రేకు ఉందని, మీదికి గడ్డి పరుస్తామని రాశారు. నాడాలు కొట్టిన గిట్టకు తడిసిన ఇనుము మీద పట్టు దొరకదు. మూత్రం పడ్డాక ఆ గడ్డే జారుడవుతుంది. గనుల్లో వాడి తీసేసిన కన్వేయర్ బెల్టు ముక్కలు పాత సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. మందపాటి రబ్బరు. కొలత ప్రకారం కోయించి బోల్టులు బిగించి, దానిమీద కాస్త ఇసుకో ఊకో చల్లితే చాలు. ఇది కొత్త బండి కొన్నా చేయించాల్సిందే. బండి షోరూం నుంచి వచ్చేది మామూలు సరుకుల బండిగానే గాని గుర్రాల బండిగా రాదు.

రబ్బరు వేసేముందు ఆ రేకు కిందికి దూరి చూడమనండి. ఇరవై ఏళ్ల మూత్రం, తేమ దాన్ని లోపల్నుంచి తినేసి ఉంటాయి. సుత్తితో కొట్టుకుంటూ పోతే ఖణేల్మన్న చోట పర్వాలేదు. బోలుగా మోగినా, సుత్తి దిగబడినా ఆ భాగం కోసి కొత్తది వేయించాలి. పరుగెత్తే బండిలో గుర్రం కాలు నేల గుండా దిగిపోతే ఏమవుతుందో రాయడం కూడా నాకిష్టం లేదు. ఇంజన్ ఎంత నమ్మకంగా స్టార్టయినా, కింద ఫ్లోరు మీద నమ్మకం లేకపోతే ఆ బండికి గుర్రం ఎక్కించకూడదు. టైర్లు తట్టి చూస్తారన్నారు, మంచిదే. టైరు పక్కన నాలుగంకెలు కూడా చూడమనండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అరుగుదల కనిపించకపోయినా ఏడెనిమిదేళ్ల కిందటి టైరైతే దానిమీద గుర్రాల్ని నమ్మకంగా ఎక్కించలేం.

కమాన్ కట్టల, అంటే బండి కింది స్ప్రింగుల సంగతి కూడా ఒకటుంది. అవి రెండు మూడు టన్నుల సరుకు కోసం చేసినవి. రెండు గుర్రాల బరువు ఒక టన్నుకు కూడా రాదు. అందుకే ఆ బండి గుర్రాలతో పోతుంటే ఖాళీ బండిలా ఎగురుతుంది. మంచి మెకానిక్‌ను అడిగితే ఏం చేయవచ్చో చెబుతాడు. ఎంత చేసినా కొత్తవాటి మెత్తదనం మాత్రం రాదు. ఇక్కడ మీ ఆయన వాదనకు బలముంది.

ఆయన మాటలో ఇంకా నిజాలున్నాయి. 8 ఏళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. 15 ఏళ్లు దాటినవాటికి ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెంచారు. ముందుముందు ఆ ఖర్చు తగ్గుతుందని నేననుకోను. ఏదో ఒక ఏడాది ఫిట్‌నెస్ రాకపోతే, ముహూర్తాల నడుమ బండి లేకుండా నిలబడాల్సి వస్తుంది. ముప్పై దాటిన మగవాడికి ఇప్పటికీ బండి తాళం కోసం తండ్రి ముఖం చూడాల్సి రావడం కూడా చిన్న కష్టం కాదు. మీ ఇంట్లో గొడవ సగం దాని గురించేనని నాకనిపిస్తోంది. ఆయనకు కొత్త బండి కావాలి, దానికంటే ఎక్కువగా తనదంటూ ఒక బండి కావాలి.

అయితే ఆయన వేసిన లెక్కలో పెద్ద చిల్లు ఉంది. పెళ్లిళ్లు లేనప్పుడు మక్కలు, కూరగాయలు వేస్తానంటున్నారు కదా. ఇందాక చెప్పిన 2016 నిబంధనలోనే ఇంకో మాట ఉంది. పశువుల కోసం అనుమతి తీసుకున్న బండిలో వేరే సరుకు వేయకూడదు. అడ్డుకట్టలు పెట్టించి, ఆర్టీవో దగ్గర ప్రత్యేక లైసెన్సు తీసుకుంటేనే అది గుర్రాల బండి. తీసుకుంటే మక్కల కిరాయి లేదు. తీసుకోకుండా గుర్రాలు ఎక్కిస్తే పట్టుబడినప్పుడు జరిమానా, ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ. నిబంధన పక్కన పెట్టినా, నిన్న యూరియా బస్తాలో, పురుగుమందు డబ్బాలో దింపిన నేల మీద ఇవాళ గుర్రం నోరు పెడుతుంది. వద్దు.

అంటే 28 వేలూ బరాత్‌ల నుంచే రావాలి. ఆషాఢంలో ముహూర్తాలుండవు, మూఢాల్లో ఉండవు, భాద్రపదంలో ఉండవు, పుష్యంలో ఉండవు. బ్యాంకుకు మాత్రం ఆషాఢం లేదు. అప్పుడేం జరుగుతుంది? ముహూర్తాలున్న నెలల్లోనే ఏడాది కిస్తీలన్నీ సంపాదించాలి. ఒక రాత్రికి రెండు బరాత్‌లు, వీలైతే మూడు. మళ్లీ ఆలస్యం, మళ్లీ ఫోన్, మళ్లీ స్పీడ్ బ్రేకర్. వైశాఖంలో గుర్రాన్ని పడేసింది ఏదో దాన్నే మీరు నెలనెలా కిస్తీ కట్టి ఇంటికి తెచ్చుకున్నట్టవుతుంది. కొత్త బండి విషయంలో నా భయమంతా ఇదే.

ఇక ఏం చేయవచ్చో చూద్దాం. ఫలానాదే చేయండని నేను చెప్పను. ఇల్లు మీది, గుర్రాలు మీవి.

పాత బండినే ఉంచుకోవచ్చు, కానీ ఇప్పుడున్నట్టుగా కాదు. ఫ్లోరు, రబ్బరు, అడ్డుకట్టలు చేయించి, లైసెన్సు తీసుకుని, రెండు గుర్రాలే ఎక్కించాలి. గుర్రానికీ గుర్రానికీ నడుమ కనీసం 8 సెంటీమీటర్ల మందం ఉన్న వెదురు బొంగులు, వెనక రెండు గట్టి దుంగలు ఉండాలని 1978 నిబంధనలే చెబుతాయి. మీ ఊళ్లో వెదురుకు కరువుండదు. ఎదురు బండ్ల లైట్లు కళ్లలో పడకుండా కుడివైపు గోడ ఎత్తు పెంచాలి. ఖర్చవుతుంది, ఆరు తులాలంత మాత్రం కాదు. దీనివల్ల పోయేది మూడో గుర్రం సంపాదన. బగ్గీ అడిగేవాళ్లకు, రెండు చోట్ల ఒకే రాత్రి అడిగేవాళ్లకు కాదనాల్సి వస్తుంది. ఫిట్‌నెస్ రాని రోజు కోసం కొంత డబ్బు పక్కన పెట్టుకోవాలి కూడా.

లేదా పాత బండిని దగ్గర ఊళ్లకే ఉంచి, దూరం పెళ్లిళ్లకు కిరాయి బండి పెట్టుకోవచ్చు. ఆ కిరాయి పెళ్లివారి లెక్కలో కలపాలి. కొందరు బేరం వదిలి వెళ్లిపోతారు. మీ గుర్రాలు మీకు తెలియని డ్రైవర్ చేతిలో పడతాయన్నది ఇంకో ఇబ్బంది. మామగారు ఆ డ్రైవర్ పక్కన కూర్చుంటే సగం తీరుతుంది.

ఐదారేళ్లు వాడిన 14 అడుగుల బండి కొనడం మూడో దారి. ఆరున్నర అడుగుల వెడల్పుంటే 91 చదరపు అడుగులు. మూడు గుర్రాలూ నిబంధన ప్రకారమే పడతాయి. కిస్తీ కొత్తదాని కంటే తక్కువ. పాతదాన్ని అమ్మితే, లేదా స్క్రాప్ కేంద్రానికిస్తే కొంత వస్తుంది. స్క్రాప్ సర్టిఫికెట్‌తో కొత్త బండి కొనేవాళ్లకు పన్నులో రాయితీ ఉంటుంది గనుక, కొనేది కొత్తదే అయితే ఆ వివరాలు ఆర్టీవో ఆఫీసులో ముందే కనుక్కోండి. కొన్న బండి కొడుకు పేరు మీద, గుర్రాల బాగోగులు తండ్రి చేతిలో ఉంటే ఇద్దరి మాటా నిలుస్తుందేమో. మామగారు ఒప్పుకోవడానికి టైం పడుతుంది.

కొత్త బండే కావాలని మీ ఆయన పట్టుబడితే, కిస్తీని ముహూర్తాల నెలలతో లెక్కేసి కాగితం మీద చూపించమనండి. మక్కలు లేకుండా, రాత్రికి ఒకే బరాత్ లెక్కన. ఆ లెక్క తేలితే కొనుక్కోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

ఏ బండైనా సరే, బయల్దేరేముందు పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి. డిసెంబర్‌లో నాందేడ్ జిల్లా మాలేగావ్ ఖండోబా జాతరకు పోయి గుర్రం కొనాలనుకుంటున్నామని కూడా రాశారు కాబట్టి చెబుతున్నా, రాష్ట్రం దాటి తెచ్చే గుర్రానికి గ్లాండర్స్ పరీక్ష చేయించకుండా ఎక్కించకండి. మనుషులకూ అంటే జబ్బది. మందిచ్చి ఉంచుకునే రకం కాదు, తేలితే ఆ గుర్రాన్ని చంపేయాల్సిందే. నిర్ధారణ హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో జరుగుతుంది. మీ జిల్లా పశువైద్యశాలలో అడిగితే రక్తం తీసి పంపే ఏర్పాటు చెబుతారు. దూరం ప్రయాణమైతే తలతాడు మరీ పొట్టిగా కట్టకండి. గంటల తరబడి తల ఎత్తే ఉంచితే ముక్కులో, గొంతులో చేరిన దుమ్ము బయటికి పోక ఊపిరితిత్తులు పట్టుకుంటాయి. మూడు నాలుగు గంటలకోసారి ఆపి నీళ్లు పెట్టి, తల దించుకోనివ్వాలి. పైన టార్పాలిన్ పూర్తిగా మూసేయకండి, సైలెన్సర్ పొగ లోపలికి కొట్టకుండా చూసుకోండి. గుర్రాలతో పాటు వెనక కుర్రాణ్ణి పడుకోబెట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే ఇవాళే మానిపించండి.

ఇప్పుడు మీరు అసలు అడగడానికి వెనకాడిన సంగతి. ఫోన్ విషయం మామగారికి చెప్పాలా?

చెబితే కొడుకు ఆయన ముందు తలదించుకోవాల్సి వస్తుంది. "నేను ముందే చెప్పలా" అన్నమాట ఆయన నోట జీవితాంతం వినబడుతుంది. మీ ఆయన దృష్టిలో మీరు తండ్రి వైపు చేరినట్టే. చెప్పకపోతే, అబద్ధం మీద ఎనిమిది లక్షలో పది లక్షలో అప్పు లేస్తుంది, దాంట్లో మీ బంగారం ఉంటుంది. రెండూ మీకు నష్టమే. నడుమ ఒక దారుంది. ముందు మీ ఆయనతో, ఒంటరిగా, గుర్రాల దగ్గర కాకుండా ఇంకెక్కడైనా మాట్లాడండి. "మీరు తప్పు చేశారు" అని మొదలుపెట్టకండి. "ఆ రాత్రి నేనూ పక్కనే ఉన్నా, రెండో బరాత్ ఒప్పుకునేటప్పుడు నేనూ వద్దనలేదు" అనండి. అది నిజం కూడా. తండ్రికి చెప్పడమా మానడమా ఆయనకే వదిలేయండి. కానీ ఆ అబద్ధం ఆధారంగా మాత్రం బంగారం ఇవ్వనని స్పష్టంగా చెప్పవచ్చు. ఆయనే చెబితే మంచిది. చెప్పకపోయినా, ఇకమీద గుర్రాలుండగా ఫోన్ మీ చేతికో, పక్కన కూర్చున్నవాళ్లకో ఇవ్వడానికి ఒప్పుకుంటే నాకు సగం భారం దిగినట్టే.

మాటలు మోసే పని మాత్రం మానేయండి. "మీ నాన్నకు చెప్పు" అంటే "పక్క గదిలోనే ఉన్నారు" అనండి. మొదటి రెండ్రోజులు ఇల్లు ఇంకా బిగుసుకుంటుంది, టెన్షన్ పడకండి. మోసేవాళ్లు లేకపోతే వాళ్లలో ఎవరో ఒకరు లేచి వెళ్లక తప్పదు.

బంగారం మీది. పుట్టింటివాళ్లు పెట్టింది స్త్రీధనం, ఇవ్వనంటే అడిగే హక్కు ఎవరికీ లేదు. ఇవ్వాలనే అనిపిస్తే, బండి ఆర్సీలో మీ పేరు రావాలని అడగడంలో తప్పు లేదు. కానీ లోను పత్రాల మీద సంతకం పెడితే కిస్తీలు తప్పిన రోజు బ్యాంకు మిమ్మల్నీ అడుగుతుంది, అది తెలుసుకుని పెట్టండి. ఎన్ని నెలల్లో విడిపించాలో రాసుకోండి, ఇంట్లోవాళ్ల మధ్యే అయినా సరే.

చివరిగా, లారీ ఎక్కనంటున్న గుర్రం. దానిది మొండితనం అనుకోకండి, కొట్టి ఎక్కించకండి. ముందు కాలు పూర్తిగా మానిందో లేదో డాక్టర్‌కు చూపించండి. గుర్రాలకు ధనుర్వాతం తొందరగా అంటుకుంటుంది, ఆ సూది వేశారో లేదో కూడా అడగండి. తర్వాత బండిని పొలం గట్టుకు వెనకనుంచి ఆనించి, డాలా (వెనక తలుపు) దించి, నేలకు సమంగా చేయండి. ఎక్కుడు లేకుండా నడిచి వెళ్లేట్టు. లోపల రబ్బరు, వెలుతురు, దానికి బాగా అలవాటైన గుర్రం ఒకటి పక్కన. పొద్దున దాణా ఆ డాలా దగ్గరే పెట్టండి. రోజుకో అడుగు లోపలికి జరపండి. తనంతట తాను ఎక్కి తిని దిగిపోవడం అలవాటయ్యాక ఇంజన్ స్టార్ట్ చేసి ఊరుకోండి, ఆ తర్వాతే ఊరి చివరిదాకా మెల్లగా ఒక తిప్పు. ఈ పని మామగారికి అప్పజెప్పండి, డ్రైవింగ్ మాత్రం మీ ఆయన్నే చేయమనండి. ఇప్పుడు ఆషాఢమే కాబట్టి మీకు టైముంది. శ్రావణంలో మొదటి ముహూర్తానికి అది సిద్ధం కాకపోతే దాన్ని ఇంట్లోనే ఉంచి మిగతా రెండింటితో వెళ్లండి. ఎలాగూ ఆ బండిలో పట్టేది రెండే.